వల లాగే భుజానికి రెండు నెలల సెలవు చాలదు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మూడు నెలల కిందట వల లాగుతుండగా అల కొట్టి పడవ ఒరిగింది. కుడి జబ్బలో పటుక్కుమంది. అప్పట్నుంచి చెయ్యి తలపైకి లేవడం లేదు. రాత్రిళ్లు ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేను. ఎక్స్‌రేలో ఎముక బాగుందన్నారు. ఇంట్లో వాళ్లు పుత్తూరు కట్టు కట్టించుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ మత్స్యకారుడు, మైపాడు

జవాబు: ఎముక బాగున్నంత మాత్రాన భుజం బాగున్నట్టు కాదు. భుజం కీలు చుట్టూ నాలుగు కండరాలుంటాయి. వాటిని ఎముకకు పట్టి ఉంచే చివరి టెండన్లు కలిసి చేతిని గూటిలో నిలబెడతాయి. దీన్నే రొటేటర్ కఫ్ అంటారు. అందులో పైనుండే సుప్రాస్పైనేటస్ టెండన్ ఎక్కువగా చిరుగుతుంది. ఎక్స్‌రేలో అది కనిపించదు. దెబ్బ తగలడం, చెయ్యి లేవకపోవడం, రాత్రి నొప్పి... మీరు రాసిన మూడూ ఆ చిరుగునే అనుమానించమంటున్నాయి.

ఒక చిన్న పని చేసి చూడండి. చేతిని వదులుగా ఉంచి, ఇంట్లో ఎవరినైనా మెల్లగా పైకి ఎత్తమనండి. మీరు ఎత్తలేని చెయ్యి వాళ్లు ఎత్తితే లేస్తుంటే చిరుగు అనుమానం బలపడుతుంది. ఎవరు ఎత్తినా బిగుసుకుపోయి ఉంటే ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు. కాబట్టి తేల్చాల్సింది ఎముకల డాక్టరే. చేతిని పక్కకు ఎత్తి నెమ్మదిగా దించమంటారు. మధ్యలో అది పట్టు తప్పి పడిపోతే చిరుగు పెద్దదని అనుమానిస్తారు. అల్ట్రాసౌండ్‌తోనో ఎంఆర్ఐతోనో అది ఎంత ఉందో తెలుస్తుంది.

కట్టు సంగతి. తెగిన టెండన్‌ను పైనుంచి ఏ కట్టూ మళ్లీ ఎముకకు అతికించలేదు. పైగా వారాల తరబడి కదలకుండా కట్టేస్తే భుజం బిగుసుకుపోతుంది. దెబ్బ తగిలి టెండన్ పూర్తిగా తెగితే దాని కొస లోపలికి ముడుచుకుపోతుంది. కండరం క్రమంగా కొవ్వుగా మారుతుంది. అలా మారింది వెనక్కి రావడం కష్టం. ఇప్పటికే మూడు నెలలు గడిచాయి, ఈ వారమే వెళ్లండి.

ఆపరేషన్ అవసరమైతే చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూస్తూ టెండన్‌ను ఎముకకు కుట్టేస్తారు. ఇక్కడే మన తీరంలో ఒక లెక్క తప్పుతోంది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. నిషేధం మొదట్లో ఆపరేషన్ చేయించుకుని జూన్ 15న సముద్రం మీదికి పోవచ్చనుకుంటారు. కుదరదు. నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లోనే ఉండాలి. బలం పెంచే వ్యాయామాలు సుమారు మూడో నెలలో మొదలవుతాయి. వల లాగే పనికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ముందే లాగితే కుట్టింది మళ్లీ తెగవచ్చు. అందుకే పడవలో కూడా వచ్చేవాళ్లతో, ఇంట్లో వాళ్లతో ఆరు నెలల సంగతి మాట్లాడుకున్నాకే తేదీ పెట్టించుకోండి. బీడీ, సిగరెట్ అలవాటుంటే మానేయండి, పొగ వల్ల కుట్టు సరిగా అతుక్కోదు.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. చేపల గంప మోస్తాను. జబ్బ కొద్దిగా నొప్పి, చెయ్యి బాగానే లేస్తుంది. స్కానింగులో సగం చిరిగిందని రాశారు. కోయించుకోవాలా?
– ఓ పాఠకురాలు, తూపిలిపాళెం

జవాబు: తొందరపడకండమ్మా. అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేకుండానే ఇలాంటి చిరుగులు కనిపిస్తుంటాయి. స్కానింగు కాగితానికి కాదు, మీ ఇబ్బందికి వైద్యం చేయాలి. మూడు నెలలు ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు క్రమం తప్పకుండా చేయండి. చాలామందికి దానితోనే తగ్గుతుంది. గంపను నెత్తికెత్తుకునేటప్పుడే భుజం మీద భారం పడుతుంది, పక్కవాళ్లని ఒక చెయ్యి వేయమనండి.

ప్రశ్న: రొయ్యల గుంటల దగ్గర మేత చల్లే పని. జబ్బలో ఇంజెక్షన్ వేయించుకుంటే హాయిగా ఉంటోంది. ఎన్నిసార్లు వేయించుకోవచ్చు?
– ఓ పాఠకుడు, కోట

జవాబు: మీకు వేసేది స్టెరాయిడ్ సూది అయ్యుంటుంది. అది నొప్పిని కొన్ని వారాలు తగ్గిస్తుందే గాని, చిరుగు ఉంటే దాన్ని పూడ్చదు. మళ్లీ మళ్లీ వేయించుకుంటే టెండన్ బలహీనపడుతుంది. షుగరు ఉంటే కొన్ని రోజులు పెరుగుతుంది కూడా. నొప్పి తగ్గిన ఆ వారాలను వ్యాయామాలకు వాడుకోండి. ఆపరేషన్ ఆలోచన ఉంటే ముందు నెలల్లో ఈ సూది వద్దు, డాక్టరుకు చెప్పండి.

పాఠకులకు ఒక మనవి: దెబ్బ తగిలాక చెయ్యి లేవకపోతే రెండు వారాలు దాటనివ్వకండి. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఎముకల విభాగంలో చూపించుకోండి. మీ ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డుకు ఏ వైద్యం వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.