ముహూర్తానికి చార్జి ఉండాలి

రాజమండ్రి

చిరంజీవి చిన్నికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు చీటీ పాడి మరీ పెద్ద డ్రోన్ కొనబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ ఉత్తరంలో ఆ ముక్క లేదేం తల్లీ? రెండు పేజీలూ మళ్లీ చదివాను. కోప్పడతాననుకున్నావేమో. కోపం కాదమ్మా, రాత్రి నిద్ర పట్టలేదు, అంతే.

పెద్దది ఇప్పుడొద్దు. 250 గ్రాములు దాటనిది చాలు. 2021 డ్రోన్ నిబంధనల్లో దాన్ని నానో అన్నారు, నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అడగరు. ఆ బరువు దాటినదానితో డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీయాలంటే సర్టిఫికెట్ ఉండాల్సిందే. ముందు చిన్నదాని మీద చెయ్యి తిరగనీ. శిక్షణకు తర్వాత వెళ్దువుగాని, ఆ ఫీజు నాది. బిల్లు లేకుండా సగం ధరకు విదేశీవి తెచ్చిస్తామనే వాళ్ల జోలికి పోకు. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే నిషేధించారు. అలాంటిది చెడిపోతే ఎవరి దగ్గరికి తీసుకెళ్తావు?

కెమెరా ఎన్ని 'కె' అని కాదు, మూడు వైపులా నిలకడగా పట్టే గింబల్ ఉందా అని అడుగు. సాఫ్ట్‌వేరే కుదుపు సరిచేస్తుందంటారు. సంధ్యవేళ వెలుగు తగ్గితే షట్టర్ ఎక్కువసేపు తెరుచుకోవాలి, అప్పుడు పడిన మసకను ఏ సాఫ్ట్‌వేరూ తుడవలేదు.

ఇక బ్యాటరీ. మిగిలిన డబ్బంతా దాని మీదే పెట్టు, కనీసం మూడు కొను. డబ్బా మీద 30 నిమిషాలని రాస్తారు, అది గాలి లేనప్పటి లెక్క. నువ్వు 20 అనుకో. గాలివాటున హాయిగా వెళ్లిపోతుంది, తిరిగి రావడమే గండం. వాలుకు పోయిన పడవ ఎదురెక్కాలంటే ఎంత కష్టమో గోదావరి పిల్లవి, నీకు చెప్పాలా?

1993లో అమలాపురంలో ఒక పెళ్లి తీశాను. భుజం మీద వీహెచ్ఎస్ కెమెరా, పందిట్లో ఉక్క. మీ అమ్మ లైటు పట్టుకుంటానని వెంటపడి వచ్చింది, నిద్ర ఆపుకుంటూ తెల్లవార్లూ నిలబడింది పాపం. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టేవేళకు వ్యూఫైండర్ చీకటైపోయింది. ముందురోజు వాడిన బ్యాటరీని మళ్లీ చార్జి పెట్టకుండా తెచ్చాను. సంచిలోంచి రెండోది తీసి వేసేసరికి తెర కూడా తీసేశారు. పెళ్లికూతురి తండ్రి క్యాసెట్ చూసి "ఆ ముక్క రాలేదా బాబూ" అని మాత్రం అన్నాడు. డబ్బు పూర్తిగా ఇచ్చాడు. నేను తీసుకున్నాను. ఆ బాధ నాకింకా పోలేదు.

నా కెమెరా ఆగితే ముహూర్తం పోయింది. నీ డ్రోన్ ఆగితే కిందపడుతుంది, కింద పిల్లలుంటారు. అందుకే 30 శాతానికి రాగానే దించెయ్, పెళ్లివారు ఇంకొక్క షాటని బతిమాలినా సరే. జనం నెత్తి మీదుగా అసలే పోనివ్వకు. దిగిన బ్యాటరీ చల్లారాకే చార్జి పెట్టు. రాత్రి చార్జికి పెట్టి పడుకోకు. ఉబ్బినదాన్ని మళ్లీ ముట్టుకోకు, ఎంత ఖరీదైనదైనా. ఇన్నిసార్లు చెబుతున్నానని విసుక్కోకు బంగారూ.

2027 పుష్కరాల్లో గోదావరిని పైనుంచి తీస్తానన్నావు. చదివి పొంగిపోయాను. ఆ రద్దీలో అధికారుల అనుమతి లేకుండా ఎగరేయకూడదు, అది ముందే చూసుకుందాం. దగ్గర్లోనే మధురపూడి విమానాశ్రయం ఉంది కాబట్టి, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్ కూడా చూడాలి. ముందు సంక్రాంతికి నువ్వొస్తావుగా, ఆ మూడు రోజులూ ఆకాశం నిండా గాలిపటాల దారాలే, కనుమ వెళ్లాక ఎగరేద్దాం. తెల్లవారుజామున లంకలోకి పడవ మాట్లాడతాను. అక్కడ గాలీ ఉండదు, జనమూ ఉండరు. మీ అత్తయ్య కూడా వస్తానంటోంది.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క.: వారం పాటు ఎగరేయకపోతే బ్యాటరీల్లో సగం చార్జే ఉంచు. వచ్చేటప్పుడు వాటిని బస్సు డిక్కీలో వేయకు, నీ దగ్గరే పెట్టుకో.