వీపీఎన్ కనెక్ట్ అయింది, సర్వర్ మాత్రం ఓపెన్ కాలేదు.. ఎందుకు?

వీపీఎన్ అనగానే ఫోన్‌లో ఆన్ చేసుకునే యాపే గుర్తొస్తుంది కదా! ఆఫీసుల్లో దానికి ఇంకో పెద్ద పని ఉంది. దూరంగా ఉన్న రెండు ప్రైవేట్ నెట్‌వర్క్‌లను ఇంటర్నెట్ మీదుగా కలపడం. దీన్నే సైట్-టు-సైట్ వీపీఎన్ అంటారు.

మా బాబాయికి విజయవాడలో షాపు, గుంటూరులో గోడౌన్ ఉన్నాయి. బిల్లింగ్ సర్వర్ షాపులో ఉంది. గోడౌన్ నుంచి దాన్ని వాడాలి. మొదట నేను షాపు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, సర్వర్ రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచేశాను. రెండు రోజుల తర్వాత లాగ్ చూస్తే గుండె ఆగినంత పనైంది. ఎవరెవరో పాస్‌వర్డ్‌లు మార్చి మార్చి లాగిన్‌కి ట్రై చేస్తున్నారు! వెంటనే ఆ పోర్ట్ మూసేశాను.

అసలు సమస్య ఏంటంటే, 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు ఇంటర్నెట్‌లో చెల్లవు. అందుకే టన్నెల్ కావాలి. గోడౌన్ రౌటర్ ప్యాకెట్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, షాపు పబ్లిక్ ఐపీ రాసిన ఇంకో కవర్‌లో పెట్టి పంపిస్తుంది. షాపు రౌటర్ ఆ కవర్ విప్పి లోపలి ప్యాకెట్‌ను సర్వర్‌కి ఇస్తుంది.

దీనికి నేను వైర్‌గార్డ్ వాడాను. ఇది 2020లో లైనక్స్ కెర్నల్ 5.6లో చేరింది. రెండు రౌటర్లలో కీలు తయారుచేసి, పబ్లిక్ కీలు మాత్రమే మార్చుకోవాలి. ప్రైవేట్ కీ రౌటర్ దాటి బయటకు రాకూడదు. అవతలి నెట్‌వర్క్ రేంజ్‌ను 'అలౌడ్ ఐపీస్'లో ఇవ్వాలి.

అన్నీ కరెక్ట్‌గానే పెట్టాను. హ్యాండ్‌షేక్ కూడా అయింది. కానీ సర్వర్ ఓపెన్ కాలేదు! ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాక తప్పు దొరికింది. రెండు చోట్లా 192.168.1.0/24 రేంజే ఉంది. గోడౌన్ కంప్యూటర్ 192.168.1.10ని తన పక్కనే ఉందనుకుని అక్కడే వెతుకుతోంది. ప్యాకెట్ టన్నెల్ దాకా వెళ్తేగా! గోడౌన్ రేంజ్‌ను 192.168.20.0/24కి మార్చి, రెండు వైపులా సెట్టింగ్స్ సరిచేయగానే పని అయిపోయింది.

ఇంకో రెండు విషయాలు:

1. గోడౌన్‌లో 4జీ రౌటర్ ఉంది. దాని వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే అది సీజీనాట్. అంటే సొంత పబ్లిక్ ఐపీ లేనట్టే. అయినా కంగారొద్దు, ఒక వైపు పబ్లిక్ ఐపీ ఉంటే చాలు. షాపులో యూడీపీ 51820 తెరిచి, గోడౌన్ వైపు 'పర్సిస్టెంట్ కీపలైవ్' 25 సెకన్లు పెట్టాను. సరైన కీ లేనివాళ్లకు వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు.

2. టన్నెల్ వచ్చాక ఒక చోటి వైరస్ రెండో చోటికీ పాకగలదు. అందుకే ఫైర్‌వాల్‌లో గోడౌన్ నుంచి బిల్లింగ్ సర్వర్‌కి మాత్రమే దారి ఇచ్చాను.

మీరు కూడా రెండు ఆఫీసులు కలపాలనుకుంటే, కీల జోలికి వెళ్లే ముందు రెండు రౌటర్ల ఐపీ రేంజ్‌లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒకేలా ఉంటే ముందు ఒకదాన్ని మార్చండి. నాకు పోయిన సాయంత్రం మీకు మిగులుతుంది.