గప్పీ పిల్లలు ఎందుకు చచ్చిపోతున్నాయి?

గప్పీ చేప గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. సుమారు నెలకొక కాన్పు, కాన్పుకు ఇరవై ముప్ఫై పిల్లలు. అందుకే ఇంట్లో చేపల్ని పెంచాలని సరదాపడే విద్యార్థులు ముందుగా గప్పీలనే తెచ్చుకుంటారు. తల్లే పిల్లల్ని తినేస్తుంది కనుక వాటిని వేరే గాజుతొట్టిలోకి మారుస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది. కొత్త తొట్టిలో నాలుగు రోజులు హుషారుగా తిరిగిన పిల్లలు ఆ తర్వాత నీటిపైకి చేరి నోళ్లు తెరుస్తాయి. మొప్పలు ఎర్రబారతాయి. వారం పదిరోజుల్లో సగం చచ్చిపోతాయి. నీళ్లు చూస్తే అద్దంలా ఉంటాయి!

వాటిని చంపింది కంటికి కనబడని అమ్మోనియా.

మాంసకృత్తులు తిన్నాక మిగిలిపోయిన నత్రజనిని మన శరీరం యూరియాగా మార్చి మూత్రంలో పంపిస్తుంది. చేపకు ఆ శ్రమ లేదు. చాలావరకు అమ్మోనియాగానే మొప్పల గుండా నీటిలోకి వదిలేస్తుంది. చెరువులో అయితే అది పలచబడిపోతుంది. తొట్టిలో మాత్రం వదిలిందంతా చేప చుట్టూనే ఉంటుంది. బయట అమ్మోనియా పెరిగేకొద్దీ లోపలిది బయటికి పోలేక రక్తంలో పేరుకుంటుంది.

చేపలు తినని మేత కుళ్లినా అమ్మోనియాయే వస్తుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. 40 లీటర్ల తొట్టిలో ఒక గ్రాము మేత ఎక్కువ వేశారనుకోండి. అందులో మాంసకృత్తులు 40 శాతం, అంటే 400 మిల్లీగ్రాములు. మాంసకృత్తుల్లో నత్రజని సుమారు 16 శాతం కనుక 64 మిల్లీగ్రాములు. అదంతా అమ్మోనియాగా మారితే లీటరుకు 1.6 మిల్లీగ్రాముల నత్రజని చేరుతుంది. ఒక్క గ్రాముకే ఇంత! పిల్లలు త్వరగా పెరగాలని ఉడికిన గుడ్డు పచ్చసొన చిదిమి వేసేవారు ఈ లెక్క మరీ గుర్తుంచుకోవాలి.

ఈ 1.6 అంతా విషం కాదు. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాను వల్ల అంత హాని లేదు. విద్యుదావేశం లేని అమ్మోనియా మాత్రం మొప్పల పొరను సులువుగా దాటుతుంది. ఏది ఎంత అన్నది నీటి పి.హెచ్. నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పి.హెచ్. 7 అయితే విషరూపం వెయ్యింటికి ఆరు పాళ్లు. 8 అయితే వందకు ఐదు. 9 అయితే ఏకంగా మూడోవంతు దాటుతుంది. వేడి పెరిగినా ఈ పాలు పెరుగుతుంది. క్షారగుణమున్న బోరునీటిలో, ఎండాకాలంలో పిల్లలు ఎక్కువగా పోవడానికి కారణం ఇదే.

మరి పాత తొట్టిలో ఈ బాధ ఎందుకు లేదు? అక్కడ గులకరాళ్ల మీద, స్పాంజి ఫిల్టరులో బాక్టీరియా కాపురముంటాయి. కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు వీటిని విడిగా పెంచి చూపాడు. రెండు పనులూ ఒక్కటే చేయగల నైట్రోస్పైరా రకాలున్నాయని 2015లో తెలిసింది. నైట్రైట్ కూడా తక్కువదేమీ కాదు, రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి తల్లి కాన్పుకు రాకముందే పాత తొట్టిలోని స్పాంజిని, గుప్పెడు రాళ్లను కొత్తదానిలో వేసి ఉంచాలి. ఫిల్టరును కుళాయి కింద తళతళలాడేలా తోముతారు కొందరు. నీటిలోని క్లోరిన్‌తో బాక్టీరియా కాస్తా పోతాయి! తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

పిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆ రోజుకు మేత మానండి. మూడోవంతు నీరు తీసి, వెడల్పు బకెట్టులో ఒకరోజు నిలవబెట్టిన నీటిని మెల్లగా పోయండి. రెండు నీళ్ల వేడీ ఒకేలా ఉండాలి. గాలిపంపు ఆపకండి. అవసరమైతే మరునాడు మళ్లీ మార్చండి. నీరంతా ఒకేసారి మార్చితే ఆ తాకిడికే పిల్లలు చనిపోవచ్చు. తీసిన నీటిని మొక్కలకు పోయండి, వాటికది ఎరువే.

తొట్టిలో హైడ్రిల్లా వేస్తే అది కొంత అమ్మోనియాను పీల్చుకుంటుంది. అయితే ఎండలో అది బొగ్గుపులుసు వాయువును వాడుకోవడంతో నీటి పి.హెచ్. పెరుగుతుంది. మీ బడి ప్రయోగశాలలో పి.హెచ్. కాగితం ఉంటే అడిగి, ఎండ తగిలే తొట్టిలో తెల్లవారగానే ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ముంచి రంగులు పోల్చి చూడండి.