మలంచాలో మైనస్ 40 డిగ్రీలు: కారు సెన్సర్ మార్చేముందు ఒక కొలత

ఖరగ్‌పూర్‌లో చలి గట్టిగా ఉన్న రోజున కూడా ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఆగుతుంది. అలాంటి ఊళ్లో, మలంచా వీధిలో ఇంటి ముందు నిలిపిన కారు తన ఇంజిన్‌లోని కూలెంట్ మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉందని చెబితే? డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ దీపం వెలిగాక ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే చాలా కార్లలో కనిపించే అంకె ఇది. పక్కనే పీ0118 అనే కోడ్ ఉంటుంది. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజి ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉందని దాని అర్థం.

చాలామంది వెంటనే కొత్త సెన్సర్ కొంటారు. కానీ కోడ్ చెప్పింది సర్క్యూట్ గురించి. అందులో సెన్సర్‌తో పాటు కనెక్టర్, తీగలు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ కూడా ఉన్నాయి. తప్పు వీటిలో ఎక్కడుందో కొలిచి తేల్చుకోవచ్చు. రైల్వే కొలువుల కోసం తరాల కిందట వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడ్డ ఈ వర్క్‌షాపుల ఊళ్లో మల్టీమీటర్ పట్టడం తెలిసిన చేతులకు కొదవేమీ లేదు.

సెన్సర్ లోపల ఉండేది థర్మిస్టర్ అనే చిన్న పూస. మాంగనీస్, నికెల్ వంటి లోహాల ఆక్సైడ్లతో చేస్తారు. రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, థర్మిస్టర్‌ది తగ్గుతుంది. వేడి పెరిగేకొద్దీ ఇలాంటి పదార్థంలో విద్యుదావేశాలు తేలిగ్గా కదలడమే కారణం. ఈ తలకిందుల ప్రవర్తనను మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. కార్లలో బాగా వాడుకలో ఉన్న ఒక రకం సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300కు కాస్త పైన చూపుతుంది.

ఈసీయూ 5 వోల్టుల సరఫరాను తనలోని ఒక స్థిర నిరోధం గుండా ఈ సెన్సర్‌కు పంపి, మధ్యలో వోల్టేజిని చదువుతుంది. లోపలి నిరోధం 2,000 ఓమ్‌లు అనుకుంటే, 20 డిగ్రీల దగ్గర దాదాపు 2.8 వోల్టులు, 80 దగ్గర 0.7 వోల్టు వస్తాయి. తీగ తెగితే కరెంటు పారదు కాబట్టి మొత్తం 5 వోల్టులూ కనిపిస్తాయి. ఈసీయూకు అది అంతులేని చలి. ఓబీడీ పద్ధతిలో ఈ ఉష్ణోగ్రతను ఒకే బైట్‌లో పంపుతారు, అందులో సున్నా అంటే మైనస్ 40. అంతకంటే చలిని చెప్పడానికి వీలే లేదు.

అంటే మైనస్ 40 ఒక రకంగా మంచి వార్తే, తప్పు దాక్కోలేదు. మోసం చేసేది సగం తప్పు. వానాకాలపు తేమకు కనెక్టర్ పిన్నులు చిలుము పట్టి 500 ఓమ్‌ల అదనపు నిరోధం చేరిందనుకుందాం. ఇంజిన్ 80 డిగ్రీల దగ్గర ఉంటే ఈసీయూకు 800 ఓమ్‌లు కనిపిస్తాయి, అంటే దాదాపు 50 డిగ్రీలు. అది నమ్మదగ్గ అంకె కావడంతో సర్క్యూట్ కోడ్ రాదు. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, రేడియేటర్ ఫ్యాను ఆలస్యంగా తిరగవచ్చు. కొన్నిసార్లు పీ0128 వస్తుంది. అది థర్మోస్టాట్ మీద అనుమానం. పాపం, ఏ పాపమూ ఎరుగని థర్మోస్టాట్ మారిపోతుంది!

పరీక్షకు ఖర్చు తక్కువ. రెండు పిన్నుల సెన్సర్ అయితే, ఇగ్నిషన్ ఆపి కనెక్టర్ ఊడదీసి, తీగల వైపు రెండు కొనల మధ్య ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే 2,200 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. మళ్లీ ఇగ్నిషన్ వేసినప్పుడు పైన చెప్పిన రకం కారులో స్కానర్ 20 డిగ్రీలకు కాస్త పైన చూపితే తీగలూ ఈసీయూ బాగున్నట్టే. (కొన్ని కార్లు లోపం ఉన్నంతసేపూ తమ సొంత అంకె చూపుతాయి, కాబట్టి ముందు కోడ్ చెరిపేయాలి.) రెసిస్టర్‌తోనూ మైనస్ 40 కదలకపోతే కొత్త సెన్సర్ కొనడం దండగ.

సెన్సర్‌దే తప్పని తేలితే ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టాలి. ఇందులో మినహాయింపు లేదు. కూలెంట్ వ్యవస్థ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలదు. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, ద్రవం ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కారే కూలెంట్‌ను పళ్లెంలో పట్టాలి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, వీధికుక్కలూ మేకలూ నాకితే ప్రాణం పోతుంది.

కొత్త సెన్సర్‌ను బిగించేముందు వంటింట్లో పరీక్షించవచ్చు. కరిగే మంచు 0 డిగ్రీలు. ఖరగ్‌పూర్ సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు కాబట్టి మరిగే నీళ్లు దాదాపు 100. లోహపు కొన మాత్రమే మునిగేలా పట్టుకుంటే పైన చెప్పిన రకం మంచులో సుమారు 6,000 ఓమ్‌లు, మరిగే నీటిలో 200 లోపు చూపాలి. వేరే రకానికి అంకెలు మారతాయి, వాటిని సర్వీస్ మాన్యువల్‌తో సరిచూడాలి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకపోవడం మేలు.

కొత్త సీలింగ్ రింగు వేసి, మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. సెన్సర్‌ను పట్టే భాగం అల్యూమినియందో ప్లాస్టిక్‌దో అయితే అతిగా బిగించినప్పుడు మర చెడుతుంది. తర్వాత సరైన కూలెంట్ నింపి లోపలి గాలి బయటికి పంపాలి. సెన్సర్ కొన దగ్గర గాలిబుడగ నిలిస్తే అది కొలిచేది కూలెంట్‌ను కాదు, ఆ బుడగను.

చివరి పరీక్షకు ఒక రాత్రి ఆగాలి. తెల్లారి ఇంజిన్ స్టార్ట్ చేయకముందే స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రతనూ, ఇంజిన్ లోపలికి పీల్చుకునే గాలి ఉష్ణోగ్రతనూ పక్కపక్కన చూడాలి. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో ఆ రెండూ ఒకటి రెండు డిగ్రీల తేడాతో కలవాలి.