పాత కారు రేడియేటర్‌కు ఇంట్లో టంకం: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 ఇంకా మా ఇంట్లోనే ఉంది. రేడియేటర్ పై ట్యాంకు అతుకు దగ్గర చెమ్మ చేరుతోంది. బండి వేడెక్కితే చుక్కలు పడుతున్నాయి. మా ఊళ్లో రేడియేటర్ మేస్త్రి దుకాణం మూసేశారు. నా దగ్గర రేడియోలు బాగుచేసే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంది. నేనే అతికించుకోవచ్చా? (తెనాలి పాఠకుడు)

జవాబు: అతికించుకోవచ్చు. ట్యాంకు అతుకు చేతికి అందే చోటు కాబట్టి కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి ఇదే అనువైన లీకు. కానీ ఆ ఐరన్ పనికిరాదు. రేడియేటర్ అంతా రాగి, ఇత్తడి. మీరు ఒకచోట పెట్టిన వేడిని రాగి నాలుగు వైపులా లాగేసుకుంటుంది. చిన్న ఐరన్ ఎంతసేపు ఆనించినా రేకు వేడెక్కదు, టంకం పైపైన గడ్డకట్టి కూర్చుంటుంది. 200 వాట్లకు తక్కువ కాని ఐరన్ తీసుకోండి. లేదా పొయ్యి మీద కాల్చి వాడే, బరువైన రాగి మొన ఉన్న పాతకాలం ఐరన్ వాడండి. బ్లోలాంప్ త్వరగా పని చేస్తుంది గానీ, దాని మంట పక్క అతుకుల్ని కూడా కరిగిస్తుంది. ఒక లీకు మూయబోతే నాలుగు తెరుచుకుంటాయి. తప్పక వాడాల్సి వస్తే పక్క అతుకుల మీద తడిగుడ్డ పరచండి.

ముందు రేడియేటర్‌ను బండి నుంచి దించాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. నీళ్లన్నీ వంచేసి లోపల కడిగాక గొట్టాల మూతులకు రబ్బరు బిరడాలు బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి, సైకిల్ పంపుతో గాలి కొట్టండి. బుడగలు వచ్చిన చోట గీతలు పెట్టుకోండి. రేడియేటర్ మూత మీద అచ్చువేసిన ఒత్తిడి అంకెను ఎట్టి పరిస్థితుల్లోనూ దాటొద్దు. 7 అని ఉంటే చదరపు అంగుళానికి 7 పౌండ్లు అన్నమాట. పంపుకు మీటరు లేకపోతే ఈ పని చేయకండి.

ఇక అసలు పని శుభ్రం చేయడం. పూర్వం ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు గిన్నెను రుద్ది రుద్ది మెరిపించి, కాల్చి, నవాసాగరం చల్లాకే తగరం అద్దేవాళ్లు. ఇక్కడా అంతే. రంగు, చిలుము, పాత మురికి అంతా వైరు బ్రష్‌తో, ఎమరీ కాగితంతో తీసేసి, పసుపుపచ్చని లోహం బయటపడేదాకా రుద్దండి. ఆ వెంటనే జింకు క్లోరైడ్ ఫ్లక్స్ రాయండి. ఎలక్ట్రానిక్స్ వైరులో ఉండే రోజిన్ ఫ్లక్స్ ఇంత పాతబడిన లోహానికి చాలదు.

టంకం సీసం, తగరం సగం సగం ఉన్నది కొనండి. అది 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలై, దాదాపు 215 దగ్గర పూర్తిగా కరుగుతుంది. ఆ మధ్యలో ముద్దలా ఉండే దశే అతుకు నింపడానికి మనకు సాయం. ఎలక్ట్రానిక్స్‌కు వాడే 60-40 రకం 190 దాటకముందే నీళ్లయి జారిపోతుంది. ఇత్తడి కరగాలంటే 900 దాటాలి కాబట్టి రేకుకు భయం లేదు, పాత టంకానికే భయం. వేడి చేసేటప్పుడు మూత, కింది కుళాయి రెండూ తెరిచే ఉంచండి. లోపల మిగిలిన తడి ఆవిరై బయటకు పోయే దారి ఉండాలి.

ఐరన్‌తో అతుకును వేడిచేయండి. టంకం కడ్డీని ఐరన్‌కు కాదు, లోహానికి ఆనించండి. లోహం వేడికే అది కరిగి సందులోకి పాకాలి. మెరుస్తూ, పల్చగా, అంచులు రేకులో కలిసిపోయి కనబడితే అది నిలిచే అతుకు. బూడిద రంగులో గుండ్రంగా ఉబ్బితే దాన్ని తీసేసి మళ్లీ వేయాల్సిందే. పైన ఎంత మందంగా పేర్చినా బలం రాదు. చివరగా సోడా ఉప్పు కలిపిన నీళ్లతో ఫ్లక్స్‌ను పూర్తిగా కడగండి. అది మిగిలితే ఇత్తడిని తినేస్తుంది. ఆ తర్వాత తొట్టిలో మళ్లీ పరీక్షించండి.

ప్రశ్న: లీకు ట్యాంకుకు కాదు, మధ్యలో ఒక ట్యూబుకు ఉంటే? (వరంగల్ పాఠకురాలు)

జవాబు: ముందు వరసలో కనిపించే ట్యూబయితే ఆ చోట రెక్కల్ని జాగ్రత్తగా వంచి, శుభ్రం చేసి టంకం వేయొచ్చు. లోపలి వరసలదైతే ట్యాంకు విప్పి, ఆ ట్యూబు రెండు చివరలూ మూసేయాలి. ఒకటి రెండు ట్యూబులు మూసినా బండి నడుస్తుంది. అంతకు మించి పోయాయంటే కోర్ అరిగిపోయిందని అర్థం. మేస్త్రి చేత కొత్త కోర్ వేయించండి. పాత ట్యాంకులు అలాగే పనికొస్తాయి.

ప్రశ్న: రేడియేటర్‌లో పసుపు పోస్తే లీకు ఆగుతుందని మా డ్రైవర్ అంటున్నారు. మాది పద్మిని. (గుంటూరు పాఠకుడు)

జవాబు: ఆగుతుంది, కొంతసేపు. రాత్రివేళ హైవే మీద చిక్కుకుంటే ఇంటికి చేర్చడానికి పనికొస్తుందేమో. కానీ ఆ పొడి రంధ్రాన్ని ఒక్కదాన్నే వెతుక్కుని మూయదు, సన్నటి ట్యూబుల్లో కూడా పేరుకుంటుంది. తర్వాత బండి వేడెక్కుతోందని మళ్లీ తిప్పలు. పోసి ఉంటే వెంటనే కడిగించండి.

ప్రశ్న: ఇదే పద్ధతిలో నా కొత్త కారు రేడియేటర్ బాగుచేయవచ్చా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: చేయలేరు. ఇప్పటి రేడియేటర్లు అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు. గాలి తగిలిన క్షణంలో అల్యూమినియం మీద పొర కడుతుంది. దానికి ఈ టంకం అంటదు. మార్చుకోవడమే మేలు.

ప్రశ్న: అతికించాక బోరు నీళ్లు పోయొచ్చా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, జాగ్రత్తలేమిటి? (ఒంగోలు పాఠకురాలు)

జవాబు: బోరు నీళ్లు వద్దు. వాటిలోని ఉప్పులు వేడికి పొలుసులుగా కట్టి ట్యూబుల్ని పూడుస్తాయి. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ నీళ్లు, రాగి ఇత్తడికి సరిపోతుందని డబ్బా మీద రాసి ఉన్న కూలెంట్ కలిపి పోయండి.

పిల్లల గురించి అడిగినందుకు సంతోషం. టంకంలో సీసం ఉంటుంది, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఈ పని ఆరుబయట చేయండి. ఫ్లక్స్ పొగ పీల్చకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, బట్టలు విడిగా ఉతకండి. రుద్దగా వచ్చిన పొడిని ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి పారేయండి. ఈ టంకాన్ని వంట పాత్రలకు ఎప్పుడూ వాడొద్దు. వంచేసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. దాన్ని గిన్నెలోనో తొట్టిలోనో వదలకండి, మూత బిగించిన డబ్బాలో పోసి పిల్లలకూ కుక్కలకూ అందని చోట పెట్టండి.