మెత్తనమ్మాయ్, ఇలా కూర్చో!

"మా కోడలు చాలా మెత్తన" అని అత్తగారు నలుగురిలో అంటే పొంగిపోవాలో, ఉలిక్కిపడాలో మనకి తెలియదు కదూ? అందులో మెచ్చుకోలు ఎంతో, "ఏమన్నా పడుంటుందిలే" అన్న ధీమా ఎంతో! రాత్రి పడుకున్నా అదే బుర్రలో తిరుగుతుంది. ముందా టీ తాగు, చల్లారిపోతోంది.

మన నరసరావుపేట వైపు ఈ మాటకి ఒక్క అర్థమా ఏంటి? వంటింట్లోనే చూడు. ఇడ్లీకి మినప్పప్పు మెత్తగా రుబ్బాల్సిందే. గోంగూర పచ్చడి మాత్రం మెత్తగా నూరామా, "కచ్చాపచ్చాగా ఉండాలి గానీ ఇదేం పచ్చడే!" అంటారు పెద్దాళ్లు. పసిపిల్లలకీ, పళ్లూడిన తాతయ్యకీ అన్నం మెత్తగా ఉడకాలి. అదే అన్నం మిగతావాళ్లకి పెడితే ముఖాలు ముడుచుకుంటాయి. కొత్త బియ్యమైతే ఎసరు కాస్త తగ్గించుకో, ఆ గొడవ ఉండదు. ముసురుకి జంతికలు మెత్తబడ్డాయని పారేయకు. ఉత్త మూకుడులో సన్నసెగ మీద వెచ్చబెట్టి, బాగా ఆరాక డబ్బాలో పోసుకో. అన్నట్టు, తెలంగాణలో ఉన్న తోడికోడలు "మెత్త ఇయ్యి" అంటే తెల్లబోకు, ఆవిడ అడిగేది దిండు!

ఇక పొలం సంగతి. కళ్లంలో ఎండిన మిరపకాయ ఊపితే గింజ గలగలమనాలి. మెత్తటి కాయ గుంటూరు యార్డుకి తోలితే రేటు పడిపోతుంది. మరి పత్తి? మెత్తదనం దాని పుట్టు గుణం కదా! అయినా సర్కారు పత్తి సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పెడతారు, 12 దాటితే అసలు కొనరు. అంటే కోత పడేది మెత్తదనానికి కాదు, చెమ్మకి. మనమూ అంతే. మన మనసు మెత్తనవడంలో తప్పేం లేదు. ఎవరేమన్నా నానిపోయి, ఊ కొట్టి, ఆనక గదిలో ఏడుస్తాం చూడు, తంటా అంతా అక్కడే. దాన్ని మెతకతనం అంటారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

మరేం చేద్దాం? గొంతు పెంచక్కర్లేదు, నీకది చేతకాదు కూడా. పెళ్లికి వేసుకెళ్తానని వదిన నీ హారం అడిగిందనుకో, "ఇవ్వలేను వదినా, ఏమీ అనుకోకు" అని నవ్వుతూనే చెప్పు. అక్కడితో ఆపెయ్. పది కారణాలు చెప్పావో, పదకొండో సర్దుబాటు ఆవిడే చెప్పి హారం పట్టుకెళ్తుంది. రెండ్రోజులు ముభావంగా ఉంటుందేమో, ఉండనీ. ఆవకాయ జాడీ తెరిచినప్పుడు ఒక గిన్నె ముందు ఆవిడకే పంపు. మనసులో ఏమీ లేదని ఆవిడకీ తెలుస్తుంది.

ఈ ఆదివారం మళ్లీ ఎవరో చేబదులుకి వస్తారన్నావుగా? వాళ్లు కుర్చీలో కూర్చున్న వెంటనే చెప్పెయ్. కాఫీ ఇచ్చాక చెప్పడం ఇంకా కష్టం.