ఉచిత వెబ్ పర్యవేక్షణ సాధనం: తొలి వినియోగదారుల అభిప్రాయం ఎందుకు కీలకం?

పరీక్ష ఫలితాలు విడుదలైన నిమిషంలోనే వేల మంది విద్యార్థులు ఒకే వెబ్‌సైట్‌ను తెరుస్తారు. పేజీ తెరుచుకోకపోతే ఆ సంగతి విద్యార్థుల కంటే ముందు నిర్వాహకులకు తెలియాలి. వెబ్ పర్యవేక్షణ సాధనాలు చేసే పని ఇదే. ఇవి నిర్ణీత వ్యవధిలో సైట్‌కు అభ్యర్థన పంపి, సరైన జవాబు రాకపోతే ఈమెయిల్ లేదా ఎస్‌ఎంఎస్ ద్వారా హెచ్చరిస్తాయి. వీటిలో ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అలాంటిదే. 2002లో దాని పేరు నాగియోస్‌గా మారింది.

ప్రోగ్రామింగ్ తెలిసిన విద్యార్థులు ఇలాంటి చిన్న సాధనాన్ని తామే తయారుచేసుకోగలరు. అది నమ్మదగినదో కాదో తేల్చడమే కష్టం. తయారీదారుల కంప్యూటర్‌లో చక్కగా నడిచిన సాధనం ఇతరుల చేతిలో తడబడవచ్చు. అందుకే దాన్ని తొలి దశలోనే కొద్దిమందికి ఇచ్చి, వారి అనుభవాన్ని తెలుసుకోవాలి.

రెండు రకాల పొరపాట్లు

పర్యవేక్షణ సాధనం రెండు విధాలుగా తప్పు చేస్తుంది. సైట్ బాగానే ఉన్నా ఆగిపోయిందని చెప్పడం ఒకటి. ఆగిపోయినా చెప్పకపోవడం రెండోది.

మొదటి తప్పు ఎంత త్వరగా పేరుకుపోతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. నిమిషానికి ఒకసారి తనిఖీ చేస్తే రోజుకు 1,440, ముప్పై రోజులకు 43,200 తనిఖీలు అవుతాయి. వెయ్యింటిలో ఒక్కటి తప్పినా నెలకు 43 తప్పుడు హెచ్చరికలు వస్తాయి. పది సైట్లు ఉంటే 430కి పైనే. రోజుకు పద్నాలుగు సార్లు ఉత్తినే ఫోన్ మోగితే ఎవరైనా దాన్ని నిశ్శబ్దంలో పెట్టేస్తారు. అసలు ప్రమాదం వచ్చిన రోజున ఆ హెచ్చరికను ఎవరూ చూడరు.

దీనికి నాగియోస్‌లో ఒక పరిష్కారం ఉంది. తనిఖీ ఒకసారి విఫలమైతే దాన్ని తాత్కాలిక స్థితిగా గుర్తిస్తుంది. నిర్ణయించినన్ని సార్లు మళ్లీ తనిఖీ చేసి, అన్నీ విఫలమైతేనే హెచ్చరిక పంపుతుంది. అయితే నిమిషం తేడాతో మూడు సార్లు చూస్తే హెచ్చరిక రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది. చిన్న దుకాణం సైట్‌కు ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. ఫలితాల సైట్‌కు అది చాలా ఎక్కువ. ఎంత ఆలస్యాన్ని భరించవచ్చో సాధనాన్ని వాడేవారే చెప్పాలి.

రెండో తప్పు ఇంకా మోసపూరితమైనది. సైట్‌లోని డేటాబేస్ పనిచేయకపోయినా, సర్వర్ మాత్రం అంతా సవ్యంగా ఉందని సూచించే 200 సంకేతాన్ని పంపవచ్చు. సంకేతాన్ని మాత్రమే చూసే సాధనం పచ్చగుర్తు చూపిస్తూనే ఉంటుంది. తెర మీద మాత్రం ‘లోపం తలెత్తింది’ అనే మాట కనిపిస్తుంది. పేజీలో ఉండాల్సిన ఒక పదాన్ని వెతికి చూడటం దీనికి విరుగుడు.

తెలుగులో బయటపడే లోపాలు

తెలుగు సైట్లలో ఆ విరుగుడు కూడా కొన్నిసార్లు పనిచేయదు. యూనికోడ్‌లో ‘ఐ’త్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, రెండు సంకేతాలు కలిపీ రాయవచ్చు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. కంప్యూటర్ వాటిని ముందుగా ఒకే రూపంలోకి మార్చకపోతే వేర్వేరు పదాలనుకుంటుంది. అలాగే ‘డౌన్’ వంటి పొల్లుతో ముగిసే మాట చివర కనిపించని అక్షరం ఒకటి చేరి ఉండవచ్చు. పదం పేజీలో ఉన్నా సాధనం లేదని చెబుతుంది. ఇంగ్లిష్ పేజీలతో మాత్రమే పరీక్షించినవారికి ఈ లోపం ఎదురే కాదు.

సమయం సంగతీ అంతే. భారత ప్రామాణిక కాలం ప్రపంచ సమన్విత కాలం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. పూర్తి గంటల తేడాలనే ఊహించి రాసిన ప్రోగ్రామ్ అరగంట తప్పు చూపుతుంది. ఇక కొన్ని సైట్లు విదేశాల నుంచి వచ్చే అభ్యర్థనలను అడ్డుకుంటాయి. తనిఖీ విదేశీ సర్వర్ నుంచి జరిగితే, ఇక్కడ చక్కగా తెరుచుకునే సైట్ కూడా ఆగిపోయినట్లే కనిపిస్తుంది.

ఎంతమంది చాలు?

వేల మంది అవసరం లేదు. జేకబ్ నీల్సన్, థామస్ లాండౌర్ 1993లో ప్రచురించిన పరిశోధన ఆధారంగా ఒక అంచనా ప్రచారంలో ఉంది. సగటున ఒక వినియోగదారుడు 31 శాతం వాడుక సమస్యలను బయటపెడతాడనుకుంటే, ఒకరి కంట పడకుండా మిగిలేవి 69 శాతం. ఐదుగురి కంటా పడనివి 0.69ని ఐదుసార్లు గుణిస్తే వచ్చేంత, అంటే సుమారు 16 శాతమే. అందుకే 15 మంది దొరికితే అందరికీ ఒకేసారి ఇవ్వకుండా, ఐదుగురి చొప్పున మూడు విడతలుగా పరీక్షించి, ప్రతి విడత తర్వాత లోపాలు సరిదిద్దాలని నీల్సన్ సూచించారు.

ఈ లెక్క అన్నిచోట్లా చెల్లదు. పెద్ద వెబ్‌సైట్లపై జేరెడ్ స్పూల్, విల్ ష్రోడర్ 2001లో ప్రచురించిన పరిశీలన ఐదుగురు ఏమాత్రం సరిపోరని తేల్చింది. పైగా కళాశాల సైట్ నిర్వాహకుడి అవసరం వేరు, దుకాణదారుడి అవసరం వేరు. ప్రతి వర్గం నుంచీ కొందరు ఉండాలి.

‘బాగుంది’ సమాచారం కాదు

స్నేహితులను అడిగితే మొహమాటానికి ‘బాగుంది’ అంటారు. ఆ మాటతో ఏ లోపమూ సరికాదు. ‘ఈ సదుపాయం ఉంటే వాడతారా?’ అని అడిగినా జవాబు ఊహే అవుతుంది. ‘నిన్న హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేశారు?’ అన్న ప్రశ్నకు మాత్రం జరిగినదే జవాబుగా వస్తుంది. తెర ముందు కూర్చోబెట్టి, ఒక సైట్‌ను చేర్చమని చెప్పి, మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ పని చేయమనడం ఇంకా మేలు. వారు ఎక్కడ ఆగారో గమనించాలి. మధ్యలో సాయం చేయకూడదు.

ఉచిత సాధనంతో ఇంకో చిక్కుంది. డబ్బు కట్టినవారు పని జరగకపోతే నిలదీస్తారు. ఉచితంగా వాడేవారు చాలావరకు మాట్లాడకుండా వెళ్లిపోతారు. మిగిలినవారి మెప్పునే లెక్కలోకి తీసుకుంటే, వెళ్లిపోయినవారి ఇబ్బంది ఎప్పటికీ తెలియదు. ఎంతమంది నమోదై మొదటి సైట్‌నే చేర్చలేదో, ఎంతమంది హెచ్చరికలను ఆపేశారో చూడాలి. ఆ సమాచారాన్ని సేకరిస్తున్నట్లు వారికి ముందే చెప్పి, సమ్మతి తీసుకోవాలి.

చివరిగా, నిజమైన అంతరాయం కోసం ఎదురుచూడనక్కర్లేదు. తొలి వినియోగదారులతో ఒప్పందం చేసుకుని, ఒక నమూనా సైట్‌ను వారికి చెప్పని సమయంలో ఆపి చూడవచ్చు. హెచ్చరిక ఎన్ని నిమిషాలకు చేరింది, ఎవరు చూశారు, ఆ సందేశం చదివి ఏం చేయాలో వారికి అర్థమైందా అన్నవి నమోదు చేయాలి. ఫలితాల రోజు ఆ సాధనాన్ని నమ్మవచ్చో లేదో ఈ మూడు జవాబులే చెబుతాయి.